ప్రేవులలోని సూక్ష్మజీవులు – వానివలని మేలు



"సూక్ష్మజీవి యనగా నేమి?" అని పై తరగతుల పిల్లలను మేమడిగినప్పుడెల్ల వచ్చు జవాబొక్కటే: "రోగము కలిగించునది." ఆపై కలరా, క్షయ, టైఫాయిడు అని పేర్లు వరుసగా చెప్పెదరు. ఆ జవాబునకు మార్కులు తగ్గించుటకు మాకు మనసొప్పదు; ఏలయన అది మేము నేర్పినదే. చేతులు కడుగుకొనుడు, నీరు కాచి త్రాగుడు, ఈగలు వ్రాలిన తిండి ముట్టకుడు అని ప్రతి ఉదయము ప్రార్థన వేళ చెప్పి చెప్పి, ఆ మాటకు శత్రువను అర్థమునే స్థిరపరచితిమి. ఆ హితవులలో నొక్కటియు తప్పు కాదు. కాని పాఠములో సగమే చెప్పినవారమైతిమి. మిగిలిన సగము ఈ సంచికలో చెప్పదలచినాము.

మన పెద్దప్రేవు సూక్ష్మజీవులకు కాపురము. అవి ఎన్ని యుండునని ఇజ్రాయెలు, కెనడా దేశముల శాస్త్రజ్ఞులు 2016లో జాగ్రత్తగా లెక్కవేసిరి. డెబ్బది కిలోల బరువుగల మనుష్యుని శరీరములో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా కలవు. అతని స్వంత జీవకణములు సుమారు 30 లక్షల కోట్లు. మనకణముకంటె సూక్ష్మజీవులు పదిరెట్లని పూర్వపు పుస్తకములలో నున్న మాట ఈ లెక్కతో తప్పని తేలినది. ఇన్నియు కలిపి తూచినను రెండువందల గ్రాములకు మించవు. అనగా మన దేహములో మనమును, మన అతిథులును సంఖ్యలో ఇంచుమించు సమానమే. అతిథులనుట కూడ సరికాదేమో. అద్దె చెల్లించుచు, ఇల్లు బాగుచేయుచు, కావలి కాయుచు నుండువారిని అతిథులని యెవరనగలరు?

ఈ కాపురము ఎప్పుడు మొదలగును? పుట్టిన బిడ్డ ప్రేవులలో చెప్పుకొనదగినంత సూక్ష్మజాలముండదు. పుట్టిన గడియనుండి తల్లి శరీరమునుండి, చుట్టుప్రక్కల మనుష్యులనుండి అవి వచ్చి చేరును. 1885లో థియోడర్ ఎషెరిక్ అను పిల్లల వైద్యుడు శిశువుల మలమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, పుల్లవంటి యొక బాక్టీరియాను వర్ణించెను. దానికే తరువాత ఆయన పేరిట ఎషెరీషియా కోలై అని పేరు వచ్చినది. క్లుప్తముగా ఈ.కోలై అందురు. ఈ పేరు గుర్తుంచుకొనుడు. మరల దానితో మనకు పని కలదు. కొన్ని యేండ్లకు పారిస్ నగరములోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే అను నాయన, తల్లిపాలు త్రాగు శిశువుల ప్రేవులలో రెండు పాయలుగా చీలిన మరియొక బాక్టీరియాను కనుగొనెను. అదియే బైఫిడో బాక్టీరియా.

తల్లిపాలలో ఒక విచిత్రము కలదు. అందున్న కొన్ని చక్కెరలను బిడ్డ జీర్ణము చేసికొనజాలదు. జీర్ణము కాని పదార్థమును ప్రకృతి పాలలో ఏల చేర్చినదని శాస్త్రజ్ఞులు చాలకాలము తలలు గోకుకొనిరి. ఆ చక్కెరలు బిడ్డకొరకు కావు. బిడ్డ ప్రేవులలోని బైఫిడో బాక్టీరియాకొరకు. తల్లి ఒకే పాలతో తన శిశువును, ఆ శిశువును కాపాడు సూక్ష్మజీవులను గూడ పోషించుచున్నది. ఈ సంగతి మేము మొదట చదివిననాడు ఆ పుటనే మరల మరల చదువుకొంటిమి.

ఇక మనము నివసించు ఒడిశా రాష్ట్రమునకు వత్తము. పుట్టిన కొలది వారములలో శిశువులను పొట్టనబెట్టుకొను జబ్బులలో సెప్సిస్ ఒకటి. రక్తమున రోగక్రిములు వ్యాపించి దేహమెల్ల విషమించుటయే సెప్సిస్. ఒడిశా పల్లెలలో పినాకీ పాణిగ్రాహి అను వైద్యుడును, ఆయన సహచరులును దీనిపై నడిపిన పరీక్ష ఫలితము 2017లో "నేచర్" పత్రికలో వెలువడినది. వారు 149 గ్రామములలో 4,556 మంది నవజాత శిశువులను తీసికొనిరి. అందరును రెండు కిలోలకు తక్కువ కానివారు, నెలలు ఇంచుమించు నిండినవారు, తల్లిపాలు త్రాగుచున్నవారు. వారిలో ఒక సగమునకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అను మంచి బాక్టీరియాను, దానికి ఆహారమగు నొక చక్కెరను కలిపి, పుట్టిన రెండవ మూడవ దినమునుండి రోజున కొకసారి చొప్పున ఏడు దినములు నోటిద్వారా ఇచ్చిరి. ఆ చక్కెర ఉల్లిలోను, అరటిపండులోను సహజముగా నుండునదే. రెండవ సగమునకు చూపునకు అట్లేయుండు ఉత్త పిండిపదార్థమును ఇచ్చిరి. ఏ బిడ్డ కేది యిచ్చిరో తల్లికిగాని, ఇచ్చినవారికిగాని తెలియదు. అరువది దినములు బిడ్డలను కనిపెట్టి చూచిరి.

ఉత్తపొడి పొందిన బిడ్డలలో నూటికి తొమ్మండుగురు సెప్సిస్ పాలైరి, లేక మరణించిరి. బాక్టీరియా పొందినవారిలో ఆ లెక్క నూటికి 5.4 మాత్రమే. అనగా పదింట నాలుగు వంతుల ఆపద తగ్గినది. శ్వాసకోశపు జబ్బులు కూడ తగ్గినవి. మేలు ఇంత స్పష్టముగా కనబడుటచే పరీక్షను అనుకొన్న గడువుకంటె ముందుగనే ఆపివేసిరి. రెండు గుంపులలోను మరణములు స్వల్పసంఖ్యలోనే యుండెను గనుక, తగ్గినది ముఖ్యముగా జబ్బేయని మనము సరిగా అర్థము చేసికొనవలెను. లెక్కలు చదువునపుడు ఇట్టి జాగ్రత్త మనకు అవసరము.

ఈ బాక్టీరియా ఎక్కడనో సముద్రముల కావల దొరకునది కాదు. ఊరగాయలలోను, పులిసిన కూరగాయల నీళ్లలోను దాని జాతి విరివిగా నుండును. అట్లని ఊరగాయ నీటిని పసిబిడ్డ నోట పోయవచ్చునని కాదు సుమా! ఒక జాతిలో వేలకొలది వంశములు గలవు. పరీక్షలో నిలిచినది వానిలో ఒక్క వంశము. దానిని శుద్ధిచేసి, తూచి, తగిన బిడ్డలకే యిచ్చిరి. పుట్టిన బిడ్డ నోటికి తేనె నాకించు అలవాటు మన యిండ్లలో నింకను కలదు. ఏడాది నిండని శిశువునకు తేనె ప్రమాదకరము. అందుండు ఒకజాతి బాక్టీరియా గింజలు లేతప్రేవులలో మొలకెత్తి విషము పుట్టింపగలవు. మీ యింట తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు పెద్దలకు ఈ మాట వినయముగా చెప్పుడు.

బిడ్డ పెరిగి అన్నము తిననారంభించిన పిమ్మట ప్రేవులలోని జనము మారును. అన్నములోని పిండిలో అధికభాగము చిన్నప్రేవులోనే జీర్ణమగును. పప్పులు, చిరుధాన్యములు, కాయగూరలు, ఆకుకూరలు – వీనిలోని పీచును మన జీర్ణరసములు తాకజాలవు. అది పెద్దప్రేవును చేరి అక్కడి బాక్టీరియాకు భోజనమగును. అవి దానిని పులియబెట్టి కొన్ని చిన్న ఆమ్లములను తయారుచేయును. వానిలో బ్యుటిరేట్ అనునది పెద్దప్రేవు లోపలిపొరకు ముఖ్యమైన ఆహారము. మనము బాక్టీరియాకు పీచు పెట్టుచున్నాము. అవి మన ప్రేవుగోడకు అన్నము పెట్టుచున్నవి. ఇవి కాక విటమిన్ కె, ఫోలిక్ ఆమ్లము వంటివానిని కూడ అవి కొంత తయారుచేయును. ఆస్పత్రిలో పుట్టినబిడ్డకు తొడపై ఇచ్చు సూదిమందు విటమిన్ కె. తల్లిపాలలో అది తక్కువ. దానిని చేసిపెట్టు సూక్ష్మజీవులు బిడ్డ ప్రేవులలో నింకను స్థిరపడలేదు. రక్తము గడ్డకట్టుటకు అది లేనిదే సాగదు.

ఈ పులియబెట్టు పనిని వైద్యమునకు వినియోగించినవారు మన దేశములోనే కలరు. కలరా రోగికి ఉప్పు, చక్కెర కలిపిన నీరు త్రాగించుట ప్రాణము నిలుపునని మీరు చదివియున్నారు. అది నీటి లోటు తీర్చునే గాని విరేచనములను వెంటనే తగ్గించదు. తమిళనాడులోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఆ నీటిలో లీటరునకు 50 గ్రాముల చొప్పున ఒకవిధమైన మొక్కజొన్న పిండిని కలిపి చూచిరి. అది చిన్నప్రేవులో జీర్ణము కాని పిండి. జీర్ణము కాకుండుటయే ఇచ్చట దాని గుణము! అది పెద్దప్రేవునకు పోయి, బాక్టీరియాచేత పులిసి, పైని చెప్పిన ఆమ్లములుగా మారును. ఆ ఆమ్లములు ప్రేవుగోడచేత ఉప్పును, దానివెంట నీటిని లోనికి పీల్పించును. 48 మంది కలరా రోగులపై జరిగిన ఈ పరీక్ష ఫలితము 2000లో ప్రకటింపబడినది. మొక్కజొన్న పిండి త్రాగినవారి విరేచనములు తక్కువయయ్యెను, త్వరగా కట్టుకొనెను. కలరా క్రిమి చేయు కీడును ఇంటనున్న క్రిములచేతనే సరిచేయించుటకన్న మంచి యుక్తి యేమున్నది?

అన్నము వండి చల్లార్చినప్పుడు కూడ అందులోని పిండి కొంత ఇట్లే సులభముగా జీర్ణము కాని రూపము పొందును. మన తెలుగువారి చద్దన్నము, ఇక్కడి ఇరుగుపొరుగు ఒడియావారి పఖాళము ఈ కోవకు చెందినవే. రాత్రి నీళ్లుపోసి యుంచిన అన్నములో లాక్టిక్ ఆమ్లమును చేయు బాక్టీరియా వృద్ధియగును. ఆ పులుపు వానిదే. మా చిన్ననాట తరవాణి కుండను ఖాళీచేసినను పూర్తిగా కడుగనిచ్చెడివారు కారు. కుండగోడకు అంటుకొనియున్నదే మరునాటి పులుపునకు విత్తనమని అప్పుడెవరును చెప్పలేదు; అట్లు చేయవలెనని మాత్రము తెలియును. ఐతే నీరు, కుండ శుభ్రమైనవి కానిచో మంచివానితోపాటు చెడ్డవియు పెరుగును. ఎండకాలమున ఈ భయము మరింత యెక్కువ.

ఇంటనుండు స్నేహితుల విలువ వారు పోయిననాడు తెలియును. ఇచ్చట మన తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకొనవలెను. 1895లో భీమవరములో పుట్టి, అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు పరిశోధనాధ్యక్షుడై, ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన బృందమును నడిపిన మహనీయుడాయన. ఆయన యువకుడుగా నున్నప్పుడు స్ప్రూ అను ప్రేవుల జబ్బుతో స్వయముగా బాధపడినవాడు. ఆ జబ్బులో కలుగు రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము మందైనది. ఆయన ఆధ్వర్యముననే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్‌ను కనుగొనగా, అది 1948లో లోకమునకు వెల్లడియైనది. అనేక రోగక్రిములను ఒక్కటే మందు చంపుట ఆ దినములలో గొప్ప వింత. అట్టి మందులు ఎన్ని ప్రాణములు నిలిపినవో లెక్కలేదు. కాని అనేక క్రిములను చంపు మందు స్నేహితుని, శత్రువును వేరుచేసి చూడదు. పొలములో కలుపు తీయబోయి పైరును గూడ పీకినట్లు, ప్రేవులలోని మంచిజనమును సైతము అది నశింపజేయును.

అట్లు ఖాళీయైన తావున క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అను క్రిమి చొరబడును. ఇతర బాక్టీరియా నిండుగా నున్నంతవరకు దానికి చోటు దొరకదు. చొరబడినచో ఘోరమైన విరేచనములు, జ్వరము, ఒక్కొక్కప్పుడు మరణము. దానిని చంపుటకు మరియొక యాంటీబయాటిక్ ఇచ్చినచో, మంచివి మరింత నశించి జబ్బు తిరుగబెట్టుచుండును. 1958లో అమెరికాలోని డెన్వర్ నగరమున బెన్ ఐస్‌మన్ అను శస్త్రవైద్యుడు ఇట్టి లక్షణములతో మరణావస్థలోనున్న నలుగురు రోగులకు ఆరోగ్యవంతుల మలమును నీటిలో కలిపి ఎనిమాగా ఎక్కించెను. నలుగురును కోలుకొనిరి. వినుటకు అసహ్యముగా నుండుటచేతనో ఏమో, ఆ వైద్యము చాలకాలము మూలబడెను. 2013లో నెదర్లాండ్సు దేశస్థులు దానిని కట్టుదిట్టముగా పరీక్షించిరి. మంచి బాక్టీరియాతో కూడిన ఆ ద్రవమును పొందిన పదునారుగురిలో పదుముగ్గురు ఒక్కసారితోనే నయమైరి. వాంకోమైసిన్ అను మందు మాత్రమే పొందిన పదుముగ్గురిలో నలుగురే నయమైరి. అమెరికా ప్రభుత్వము ఇట్టి మందును ఎనిమా రూపమున 2022లోను, గొట్టపు మాత్రల రూపమున 2023లోను అంగీకరించినది. దాతల మలమును పరీక్షించి, శుద్ధిచేసి తయారగునవి యివి, ఇంటివైద్యము కాదు.

జలుబు చేయగానే మందులషాపులో రెండు యాంటీబయాటిక్ మాత్రలు కొని, ఒకటి మ్రింగి, మిగిలినది జేబులో నుంచుకొని బడికి వచ్చు పిల్లలను మేమెరుగుదుము. జలుబు వైరస్‌వలన వచ్చునది; యాంటీబయాటిక్ దానినేమియు చేయదు. దెబ్బ తగులునది ప్రేవులలోని జనమునకే. వైద్యుడు అవసరమని వ్రాసియిచ్చినప్పుడు మాత్రము, ఆయన చెప్పినన్ని దినములు వాడవలెను.

ఇప్పుడు ఎషెరిక్‌గారి బాక్టీరియాకు మరలుదము. ఈ.కోలై వంశములలో విరేచనములు కలిగించు దుష్టవంశములు కొన్ని కలవు, తక్కినవి సాధువులు. 1922లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్‌లో ఒక రోగి మలమునుండి తీసిన కె-12 అను సాధువంశమును ప్రయోగశాలలలో పెంచుచు వచ్చిరి. దీనికి త్వరగా వృద్ధియగు గుణము కలదు. అనుకూల స్థితిలో ఇరువది నిమిషములకు ఒకటి రెండగును. లెక్క వేయుడు: ఏడుగంటలలో ఇరువదియొక్క మారులు రెట్టింపగును, ఒక్కటి 20,97,152 అగును. ఇంత చవకగా, ఇంత వేగముగా పనిచేయు కూలి మరియొకడు దొరకునా?

ఆ కూలిచేత ఏమి చేయింపవలెను? మధుమేహరోగులకు ఇన్సులిన్ కావలెను. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దానిని కనుగొన్నది మొదలు ఆరు దశాబ్దములు దానిని పశువుల, పందుల క్లోమములనుండియే తీసెడివారు. ఎనిమిది ఔన్సుల శుద్ధ ఇన్సులిన్‌కు రెండు టన్నులకు మించిన పంది క్లోమములు కావలసివచ్చెడివట. కొందరు రోగులకు జంతువుల ఇన్సులిన్ పడక దద్దురులు లేచెడివి. రోగుల సంఖ్య పెరుగుచుండెను. కబేళాలు ఎంత సమకూర్చగలవను చింత కలిగెను.

1973లో అమెరికాలో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ అనువారు ఒక జీవి జన్యువును కత్తిరించి, ఈ.కోలైలో అతికింపవచ్చునని చూపిరి. ఈ.కోలైలో పెద్ద జన్యుసూత్రము కాక, ప్లాస్మిడ్ అను చిన్న కడియము వంటి డి.ఎన్.ఏ. కూడ నుండును. దానిని ఒకచోట తెంచి, నడుమ కావలసిన జన్యువును చేర్చి, మరల కడియముగా అతికి, బాక్టీరియాలో ప్రవేశపెట్టుదురు. అది రెట్టింపగునపుడెల్ల కడియమును రెట్టింపగును. తెంచుటకు వాడిన కత్తెరవంటి ఎంజైము కూడ ఒక ఈ.కోలై వంశములో దొరికినదే. కూలియు, కూలివాని పనిముట్టును ఒకే యింటివి!

ఇన్సులిన్ రెండు గొలుసులు కలిసిన మాంసకృత్తు: ఒకదానిలో 21, మరియొకదానిలో 30 అమినో ఆమ్లములు కలవు. ఆ రెండు గొలుసులకు తగిన జన్యువులను రసాయనశాలలో కూర్చి, వేర్వేరుగా ఈ.కోలైలో పెట్టి, అవి తయారుచేసిన గొలుసులను తరువాత కలిపిరి. 1978లో ఈ పని ఫలించినది. 1982లో ఆ ఇన్సులిన్ హ్యూములిన్ అను పేరుతో రోగులకు మందుగా అంగీకరింపబడినది. బాక్టీరియా చేసినదైనను అది అచ్చముగా మనుష్యుని ఇన్సులినే. నేడు ఇన్సులిన్ తయారీలో ఈ.కోలైయు, ఈస్టును ముఖ్యమైన కూలీలు. మన యూరిలో ఫ్రిజ్ తలుపులో చిన్నసీసా దాచుకొని ఉదయము, సాయంకాలము సూది పొడుచుకొను తాతగారికి, మన ప్రేవులలోనుండు సామాన్యమైన పుల్లక్రిమి బంధువే యని మీరు చెప్పవచ్చును. పిల్లలకు వచ్చు ఒకవిధమైన రక్తక్యాన్సరునకు వాడు అస్పరాజినేజ్ అను మందు కూడ ఈ.కోలైనుండి లభించునదే.

ఇంత మేలు చెప్పిన పిమ్మట, "మంచి బాక్టీరియా" అని పెట్టెమీద ముద్రించిన ప్రతిపొడియు అమృతమని మీరనుకొందురేమో. 1908లో నోబెలు బహుమతి పొందిన మెచ్నికాఫ్ మహాశయుడు, పుల్లని పెరుగు త్రాగు బల్గేరియా రైతులు దీర్ఘాయువులని నమ్మి, తాను నిత్యము త్రాగెను. 1916లో డెబ్బదియొకటవ యేట గతించెను. ఆయన ఊహ గొప్పది, రుజువు చాలనిది. నెదర్లాండ్సులో క్లోమము వాచిన రోగులకు మంచి బాక్టీరియా మిశ్రమమును ఇచ్చి చూడగా, పొందినవారిలో నూటికి పదునారుగురు, పొందనివారిలో ఆరుగురు మరణించిరని 2008లో ప్రకటించిరి. 2018లో అమెరికాలో విరేచనములతో వచ్చిన 971 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో, పేరుపొందిన యొక బాక్టీరియా ఉత్తపొడికంటె ఏమియు మెరుగు కాలేదు. నెలలు నిండక పుట్టిన శిశువులకు ఇట్టివి ఇచ్చుటలో ప్రమాదము కలదని అమెరికా ఔషధశాఖ 2023లో హెచ్చరించినది. ఏ వంశము, ఏ జబ్బునకు, ఎట్టివారికి ఇచ్చి చూచిరి? ఈ మూడు ప్రశ్నలు అడుగక ఏ పొడియు కొనరాదని మా యభిప్రాయము. ఒడిశా పరీక్షను మేము అంత విపులముగా చెప్పుటకు కారణము, ఆ మూడింటికి అందు స్పష్టమైన జవాబుండుటయే.

మన యింటి పెరుగును గూర్చి ఒక మాట. అందలి బాక్టీరియా పాలలోని చక్కెరను జీర్ణము చేయుటకు తోడ్పడును. పాలు పడనివారికి పెరుగు పడుటకు ఇదియొక కారణము. కాని అవి ప్రేవులలో కాపురముండవు, దారిపోవు బాటసారులు. ఇడ్డెనపిండిని పులియబెట్టునవి ఆవిరిలో ఉడికినప్పుడే చచ్చును. ఇడ్డెన మెత్తదనము వాని కష్టఫలమే గాని, అవి ప్రాణముతో మన కడుపు చేరవు.

ఈ సంగతిని మీరే పరీక్షింపవచ్చును. మూడు గ్లాసులు తీసికొనుడు. కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు రెండింట పోసి, ఒకదానిలో అరచెంచా తోడు వేసి, రెండవదానిని ఊరక మూతపెట్టి యుంచుడు. మూడవ గ్లాసుకొరకు పాలు పొయ్యిమీద మరుగుచుండగానే తోడు వేసి, మరికొంతసేపు మరగనిచ్చి, ఆపై గ్లాసులో పోసి యుంచుడు. పొయ్యి దగ్గర పెద్దలు ఉండవలెను. ఉదయమున మూడింటిని చూచి, రుచి చూడక, వాసన, గడ్డకట్టుట మాత్రము గుర్తించుడు. తోడుకొన్న గ్లాసునుండి ఒక చుక్కను నీటితో పలుచన చేసి గాజుపలకపై ఆరబెట్టి, మిథిలీన్ బ్లూ రంగు వేసి, మన పాఠశాల సూక్ష్మదర్శినిలో చూచినచో సన్నని పుల్లలు, పూసలపేరులవంటి గొలుసులు నీలముగా కనబడును. మూడవ గ్లాసు ఏల తోడుకొనలేదో కారణము వ్రాసి, బొమ్మ గీసి తెచ్చినవారి నోటుపుస్తకములను మేము స్వయముగా దిద్దెదము.